గడ్డి కోసి ఫిర్యాదు మూసేయకండి: పార్కుల అధికారులకు ఒక బహిరంగ లేఖ

పార్కులు, ప్రజా ఉద్యానవనాల బాధ్యత చూసే అధికారులకు, తోటపని టెండర్లు రాసేవారికి, ఆ పని దగ్గరుండి చేయించే సూపర్‌వైజర్లకు,

నమస్కారం.

నేను రోజూ పొద్దున నడిచే పార్కులో కలుపు మొక్కల గురించి ఏడాదిలో మూడుసార్లు రాశాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి, సంబంధిత విభాగానికి పంపామని ఒక్క వాక్యం వచ్చింది. మూడోసారి మాత్రం వారం తిరక్కముందే మనుషులు వచ్చారు, మిషన్లు తెచ్చారు, నడక దారికి రెండు పక్కలా నడుమెత్తు పెరిగినదంతా ఒక్క పూటలో కోసేశారు, సాయంత్రానికల్లా "గడ్డి కోశాం, ఫిర్యాదు పరిష్కారమైంది" అని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పని చేసినవాళ్లు ఎండలో కష్టపడి చేశారు, వాళ్లను నేను ఒక్క మాట అనను. కానీ కోసిన రోజు ఆ మొక్కలు నిండు పూత మీద ఉన్నాయి. కొన్నింటిలో గింజ అప్పటికే ముదిరింది. మిషన్ ఆ గింజను దారి పొడవునా చల్లుకుంటూ పోయింది. నెలన్నర తర్వాత చూస్తే, అంతకుముందు ఆ మొక్క లేని చోట్ల, పిల్లల ఊయల చుట్టూ, బెంచీల కింద కూడా అదే మొలిచి ఉంది.

ఇక్కడ ఏ ఆఫీసు పేరూ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క పార్కు సంగతి కాదు. కలుపు తీయడమంటే గడ్డి కోయించడమే అనుకునే ప్రతి చోటా ఇదే జరుగుతుంది, జరుగుతోంది. ఎవరినో తప్పు పట్టడానికి కాదు, ఈ పద్ధతి మారాలని అడగడానికి అందరూ చదివేలా రాస్తున్నాను.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను ఫిర్యాదు చేసింది గడ్డి మీద కాదు. గరిక పెరిగితే కోస్తే సరిపోతుంది, కోసేకొద్దీ ఇంకా దట్టంగా, మెత్తగా అల్లుకుంటుంది, దాని మీద పిల్లలు దొర్లినా ఏమీ కాదు. నేను రాసింది వయ్యారిభామ (పార్థీనియం) గురించి, లాంటానా పొదల గురించి, చెరువు గట్టు మీద పాకిన పసుపు పూల తీగ వెడేలియా గురించి, ఆ చెరువు నీళ్లను కమ్ముకుంటున్న గుర్రపుడెక్క గురించి. ఈ నాలుగూ అమెరికా ఖండాల వేడి ప్రాంతాల్లో పుట్టినవి. పుట్టిన చోట వీటిని తినే పురుగులు, వీటికి పట్టే తెగుళ్లు ఉంటాయి కాబట్టి ఇవి కూడా మిగతా మొక్కల్లాగే తమ హద్దులో ఉంటాయి. కొత్త చోటికి మొక్క ఒక్కటే వచ్చింది, దాన్ని అదుపులో పెట్టేవి వెంట రాలేదు. అందుకే వీటిని దురాక్రమణ మొక్కలు అంటున్నారు. జీవవైవిధ్యం మీద ప్రపంచ దేశాలకు సలహాలిచ్చే ఐపీబీఈఎస్ వేదిక 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త ప్రాంతాలకు చేరిన జీవజాతులు 37,000కు పైగా ఉంటే, వాటిలో హానికరమైనవి 3,500కు పైగా ఉన్నాయి. అంటే వచ్చిన ప్రతి జీవీ శత్రువు కాదు. దాదాపు పదింట ఒకటి మాత్రమే. ఆ ఒక్కటి ఏదో గుర్తుపట్టి, దాని మీద మాత్రం పట్టుగా పని చేయమనే నేను అడుగుతున్నది.

కోత ఎందుకు పనిచేయదో చూడండి.

వయ్యారిభామ మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకు వచ్చేస్తుంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు ఇస్తుంది, మంచి తేమ దొరికి బలిసిందంటే ఇంకా ఎక్కువే. ఆ గింజ ఎంత చిన్నదంటే చెప్పుల అడుగుకి అంటుకుని పోతుంది, వాన నీటితో పోతుంది, కుక్క బొచ్చులో పోతుంది, కోత మిషన్ కింద చేరిన తడి చెత్తలో ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి పోతుంది. మట్టిలో పూడిపోయిన గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. పైకి కోసిన మొక్క చచ్చిపోదు, మొదలు దగ్గర నుంచి మళ్లీ కొమ్మలు వేస్తుంది, ఈసారి బ్లేడుకి అందనంత కురచగా ఉండి అక్కడే పూస్తుంది. నెలకొకసారి, తేదీ ప్రకారం కోత పెట్టుకుంటే ఆ నెలలో మొక్క ఏ దశలో ఉందో ఎవరూ చూడరు. మొలక దశలో పడితే అదృష్టం, గింజ దశలో పడితే మన డబ్బుతో మనమే విత్తనాలు చల్లించుకున్నట్టు.

లాంటానాని నేల పైకి నరికితే మొదలు చుట్టూ గుత్తులుగా చిగుళ్లు వస్తాయి, రెండేళ్లకు పొద ఇంతకుముందు కన్నా దట్టమవుతుంది. వెడేలియాకి కణుపు కణుపుకీ వేరు దిగుతుంది, కోసినప్పుడు ఎగిరిపడిన ముక్క తడి నేల మీద పడితే అదే కొత్త మొక్క. గుర్రపుడెక్క అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు, దాని గింజలు అడుగు బురదలో 15, 20 ఏళ్లు కూడా నిలవుండగలవు. ఇన్ని రకాల స్వభావం ఉన్న మొక్కలకు కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క పని: గడ్డి కోత, ఇన్ని చదరపు మీటర్లు.

దీనివల్ల పార్కుకి వచ్చే మామూలు మనుషులకు ఏమవుతోందో వరుసగా చెబుతాను.

1. చర్మం. వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. అది పదే పదే తగిలితే కొందరి ఒంటికి పడకుండా పోతుంది, ఒకసారి అలా పడకుండా పోయాక తర్వాత మొక్కను ముట్టుకోనక్కర్లేదు, ఎండిన మొక్క పొడి గాలిలో వచ్చి తగిలినా చాలు, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద పెట్టి, పగిలి, రసి కారతాయి. ఏళ్ల తరబడి తగ్గని వాళ్లు ఉన్నారు. ఈ దెబ్బ అందరికన్నా ముందు తగిలేది పీకే చేతులకి. మా పార్కులో పనిచేసే ఒకామె చేతులు మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లబడి, గరుకెక్కి ఉంటాయి. గ్లవ్స్ ఇవ్వలేదా అమ్మా అని అడిగితే, చీర కొంగు చేతికి చుట్టుకుని పీకుతాం అంది. పని మానేస్తే కూలి పోతుంది, చేస్తే ఒళ్లు పోతుంది. నేను కూడా ఒక ఆదివారం ఒట్టి చేతులతో ఓ యాభై మొక్కలు పీకాను, వారం రోజులు మణికట్ల దగ్గర దద్దుర్లు తగ్గలేదు. ఒక్క పూటకే నాకు అలా ఉంటే రోజూ చేసేవాళ్ల సంగతి మీరే ఆలోచించండి. ఈ మొత్తం ఉత్తరంలో మీరు ఒక్క అంశమే చదువుతామంటే ఇదే చదవండి.

2. ఊపిరి. పుప్పొడి వల్ల తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద వస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవుతుంది. మాతో నడిచే ఒక పెద్దాయన పూత కాలంలో పార్కుకి రావడమే మానేశారు. ఊపిరి కోసం నడవమని డాక్టర్ చెబితే వచ్చే చోటే ఊపిరి ఆడకపోతే ఆయన ఎక్కడికి వెళ్లాలి? పూత మీద ఉన్న మొక్కల మధ్య కోత మిషన్ నడిపిన రోజున పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే పుప్పొడి, మొక్క తునకలు అన్నీ ఒకేసారి గాలిలోకి లేస్తాయి. ఆ పని కూడా చాలాచోట్ల జనం నడిచే పొద్దుటి పూటే పెడతారు.

3. దారి పక్క చీకటి. లాంటానా మనిషి ఎత్తు దాటి, దారి మీదికి వంగి, దీపాల వెలుగుని అడ్డేస్తుంది. అవతల ఎవరున్నారో కనిపించదు. మొదట ఆడవాళ్లు ఆ దారి మానేస్తారు, తర్వాత పిల్లలను పంపడం మానేస్తారు, ఆ తర్వాత ఆ వైపు ఎవరూ నడవరు కాబట్టి దాన్ని శుభ్రం చేయడం కూడా ఆగిపోతుంది. పార్కు కాగితం మీద ఉన్నంత విస్తీర్ణంలోనే ఉంటుంది. జనం నడిచే పార్కు మాత్రం ఏటా చిన్నదవుతుంది.

4. చెరువు. గుర్రపుడెక్క పైన చాపలా కమ్మేస్తే కింద నీటికి వెలుగు, గాలి అందవు, ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, దోమ లార్వాలకు నీడ, నిలవ నీరు రెండూ దొరుకుతాయి. ఆ దోమలకి పార్కు గోడ అడ్డం కాదు. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ వస్తాయి.

5. మేతకు వచ్చే జీవాలు. లాంటానా ఆకు తిన్న పశువులకు, గొర్రెలకు కాలేయం దెబ్బతింటుంది, ఎండ పడిన చోట చర్మం ఊడుతుంది. పార్కులో పశువులు రాకూడదు నిజమే, కానీ గోడ కూలిన చోట వస్తాయి.

6. డబ్బు. పార్కు నిర్వహణకు ఉన్నది తక్కువ, అందులో పెద్ద భాగం ఏడాదికి పన్నెండు సార్లు అదే చోట అదే మొక్కను కోయడానికి పోతుంటే, విరిగిన ఊయల బాగు చేయడానికి, తాగే నీటి కుళాయికి, దీపాలకు మిగిలేది ఏముంటుంది?

మీ ఇబ్బందులు నాకు తెలియవని అనుకోకండి. మనుషులు చాలరు. ఒక సూపర్‌వైజర్‌కి ఎన్నో పార్కులు. బిల్లు చదరపు మీటర్ల లెక్కన పాసవుతుంది కాబట్టి మిషన్‌తో ఎక్కువ విస్తీర్ణం చుట్టేసినవాడే మంచి కాంట్రాక్టరు అవుతాడు, మోకాళ్ల మీద కూర్చుని వేరుతో సహా పీకేవాడు నెమ్మదైనవాడు అవుతాడు. పై నుంచి అడిగేది కూడా ఎన్ని ఫిర్యాదులు మూశారు అనే. ఎన్ని మొక్కలు మళ్లీ మొలవలేదు అని ఎవరూ అడగరు. నేను ఆ రెండో ప్రశ్న అడుగుతున్నాను.

ఇది సాధ్యం కాని పని కాదు. కాలిఫోర్నియాలో కలుపు నిర్మూలన ప్రయత్నాలను పరిశీలించి 2002లో ప్రచురించిన లెక్క ఒకటి ఉంది. కలుపు ఒక హెక్టారు లోపు ఉన్నప్పుడే పట్టుకుంటే దాదాపుగా పూర్తిగా తీసేయగలిగారు. అదే 100 నుంచి 1,000 హెక్టార్ల దాకా పాకాక ప్రయత్నిస్తే నాలుగింట ఒకటే ఫలించింది. మన పార్కుల్లో చాలా మటుకు మడులు ఇంకా ఒక హెక్టారు లోపే ఉన్నాయి. ఊయల చుట్టూ ఉన్నది అయితే నాలుగు అడుగుల మేరే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు అంటున్నాను.

ఎలా చేయాలో చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 1960ల్లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ హార్బర్ పక్కనున్న అడవి ముక్కల్లో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే ఇద్దరు అక్కచెల్లెళ్లు చేత్తో కలుపు తీస్తూ ఒక పద్ధతి తయారు చేశారు. అందులో మూడు నియమాలు. కలుపు తక్కువగా ఉన్న, స్థానిక మొక్కలు బాగా ఉన్న చోట మొదలుపెట్టి కలుపు దట్టంగా ఉన్న వైపు నెమ్మదిగా జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించాలి, కదిలినదాన్ని ఆకులతో మళ్లీ కప్పాలి. ఖాళీ చేసిన చోట స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి నిండుతున్నాయో అంత వేగంగానే ముందుకు పోవాలి, అంతకన్నా తొందర పడకూడదు. చదవగానే ఇది తలకిందులుగా ఉందే అనిపిస్తుంది, ఎందుకంటే మనం ఎప్పుడూ బాగా పాడైన చోటికే జేసీబీని పంపిస్తాం. కానీ ఆలోచిస్తే ఇదే సబబు. జేసీబీ ఖాళీ చేసిన ఎర్రమట్టి మీద మొదట మొలిచేది మళ్లీ వయ్యారిభామే, నేను కళ్లారా చూశాను. పిల్లలు ఆడే చోటు, నడక దారి పక్క మాత్రం దీనికి మినహాయింపు, అక్కడ మనుషులకు తగులుతుంది కాబట్టి ముందు అక్కడ తీయాల్సిందే.

లాంటానాకి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు చెప్పిన పద్ధతి ఉంది. నేల పైన నరకకుండా, చిగుళ్లు వేసే భాగానికి కింద, మట్టి లోపల ప్రధాన వేరును తెంపి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టేయడం. మట్టి పెద్దగా కదలదు, మొదలు మళ్లీ చిగురు వేయదు. దీనికి పెద్ద యంత్రం ఏమీ అక్కర్లేదు.

పురుగుల సాయం కూడా ఉంది. వయ్యారిభామ ఆకును తినే మెక్సికో పెంకు పురుగు జైగోగ్రామా బైకలరేటాను పరీక్షలు చేశాక 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది బాగా పనిచేస్తుంది, ఎండాకాలం మట్టిలోకి దిగి పడుకుంటుంది, కాబట్టి అది ఒక్కటే చాలదు. కానీ దాన్ని మనమే చంపుకోకూడదు కదా. ఆ పురుగు తింటున్న మడి మీద పురుగుమందు కొట్టడం నేను చూశాను. పురుగు బలం తెలియాలంటే ఆస్ట్రేలియాలో నాగజెముడు సంగతి చూడాలి. 1920ల నడుమకు అక్కడ సుమారు 2.4 కోట్ల హెక్టార్ల నేల ఆ ముళ్లకింద పోయింది. 1925లో అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక రెక్కల పురుగు పిల్లలు పదేళ్లు తిరక్కుండానే చాలా భాగం తినేశాయి. అదే పురుగు తర్వాత అమెరికాలోని ఫ్లోరిడాకి చేరి అక్కడి స్థానిక జెముళ్లకు ముప్పు అయింది కూడా. కాబట్టి ఇది ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు, శాస్త్రవేత్తలు చూసి చేయాల్సింది.

ఇక మందు కొట్టడం గురించి. చాలామంది అధికారులు, మాతో నడిచేవాళ్లలో కూడా కొందరు, గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టేస్తే పోతుంది కదా అంటారు. నేను మందును పూర్తిగా వద్దనడం లేదు, ఇలాగే పాకే సుబాబుల్ చెట్టును నరికాక దాని మొదలు మీద బ్రష్‌తో రాయడం లాంటి పనులకు కొన్నిచోట్ల అవసరం కావచ్చు. కానీ పార్కు అంతటా స్ప్రే చేయడం వేరు. గ్లైఫోసేట్ గరికను కూడా చంపుతుంది, అప్పుడు నేల బోసిపోతుంది, బోసి నేల మీద ముందు మొలిచేది ఏమిటో పైన చెప్పాను. దానికి లొంగని వయ్యారిభామ ఇప్పటికే కొన్ని దేశాల్లో నమోదైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల వర్గంలో పెట్టింది, అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. ఆ వాదన ఎటు తేలినా, పసిపిల్లలు మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే చోట బోర్డు కూడా పెట్టకుండా స్ప్రే చేయడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

ఇప్పుడు మా డిమాండ్లు. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు.

1. పనిచేసేవాళ్లకు ముందు రక్షణ ఇవ్వండి. మోచేతి దాకా ఉండే గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, మాస్క్, పని అయ్యాక కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు. ఇవి కాంట్రాక్టరు దయ మీద కాక టెండర్ షరతుగా రాయండి, ఇవి లేకపోతే ఆ రోజు బిల్లు ఆపండి. ఈ మొక్క ఒంటికి పడనివాళ్లను కూలి తగ్గించకుండా వేరే పనికి మార్చండి. ఈ ఒక్కటి రేపటి నుంచే చేయవచ్చు, దీనికి సర్వే అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు.

2. టెండర్‌లో గడ్డి కోతను, కలుపు నిర్మూలనను రెండు వేర్వేరు పనులుగా విడగొట్టండి. రెండోదానికి బిల్లు చదరపు మీటర్ల లెక్కన కాక, ఎనిమిది వారాల తర్వాత వచ్చి చూసినప్పుడు ఆ మడిలో పూత కనిపించకపోతేనే మిగతా సగం చెల్లించేలా పెట్టండి.

3. తేదీ ప్రకారం కాదు, మొక్క దశ ప్రకారం పని పెట్టండి. వయ్యారిభామను ఆకులు నేలకు పరుచుకుని చక్రంలా ఉన్నప్పుడు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. పూత వచ్చాక మిషన్ పెట్టొద్దు. అప్పుడు చేత్తో తీసి సంచిలో కట్టి బయటికి పంపాలి, కుప్ప పోసి వదిలేయొద్దు, కాల్చొద్దు. పూతకు ముందు తీసినది మాత్రం కంపోస్టుకు పనికొస్తుంది.

4. ఒక పార్కులో కోసిన మిషన్‌ను కడగకుండా ఇంకో పార్కులోకి తేవద్దు. పూలమడుల కోసం తెచ్చే మట్టి, ఎరువు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. కట్టడాలు తవ్విన చోటి మట్టి తెచ్చి పోస్తే దాంతోపాటు గింజా వస్తుంది.

5. మీ నర్సరీల్లో వెడేలియా, లాంటానా పెంచడం, నాటడం ఆపండి. ఇది చదివి కొందరు ఆశ్చర్యపోవచ్చు. పసుపు పూలతో నేలంతా పరుచుకుంటుందని వెడేలియాను, రంగురంగుల గుత్తులని లాంటానాను అందం కోసం పార్కుల వాళ్లే నాటిస్తున్నారు. ప్రపంచంలోని అతి ప్రమాదకర దురాక్రమణ జాతుల్లో ఉదాహరణకు వంద ఎంచి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ తయారు చేసిన జాబితాలో ఈ రెండూ ఉన్నాయి, గుర్రపుడెక్క, సుబాబుల్ కూడా ఉన్నాయి. ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో తీయించడం ఆగితేనే మిగతా పనికి అర్థం.

6. తీసిన చోటును బోసిగా వదలొద్దు. గరిక పరచండి, లేదా స్థానిక పొదలు నాటండి. తగిరిస, వెంపలి, బంతి లాంటివి వయ్యారిభామకు చోటివ్వకుండా ఎదుగుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు, ఖాళీ మూలల్లో అవి చల్లించండి. లాంటానా పొదల్లో గూళ్లున్నప్పుడు పక్షులు పిల్లలు చేసే కాలం అయ్యేదాకా ఆగి, విడతలుగా తీయండి.

7. మందు వాడక తప్పని చోట రెండు రోజుల ముందు నుంచే ఏ మందు, ఏ చోట, ఏ రోజు అని గేటు దగ్గర బోర్డు పెట్టండి, ఆ భాగానికి తాడు కట్టి జనాన్ని రానివ్వకండి, ఆట స్థలాల్లో, చెరువు పక్కన పూర్తిగా మానేయండి.

8. ప్రతి పార్కుకి ఒక్క పేజీ మ్యాప్ చేయించండి. ఏ మొక్క ఎక్కడ ఉంది, ఎంత మేర ఉంది, ఎప్పుడు తీశారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. అది గేటు దగ్గర అంటించండి. కనీసం మూడేళ్లు అదే చోటికి మళ్లీ మళ్లీ రావాలి, ఎందుకంటే మట్టిలో ఉన్న గింజలు ఒకేసారి మొలవవు. ఫిర్యాదును మూసే ముందు రాసినవాళ్లను అడగండి.

అధికారులతో పాటు పార్కుకి వచ్చే మనమూ చేయాల్సింది ఉంది. ఇంట్లో తీసిన మొక్కల చెత్తను పార్కు గోడ మీదుగా విసిరేవాళ్లు ఉన్నారు, అక్వేరియంలో ఎక్కువైన నీటి మొక్కలను చెరువులో వదిలేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆపండి. వయ్యారిభామ మీద ఉప్పు నీళ్లు కొట్టమని సలహాలు తిరుగుతుంటాయి. మొక్క మాడుతుంది కానీ ఆ ఉప్పు మట్టిలో మిగిలితే తర్వాత గరిక కూడా సరిగా పట్టదు, పార్కులో ఆ పని చేయొద్దు. ఒట్టి చేతులతో పీకొద్దు, పిల్లలతో అసలు పీకించొద్దు. స్కూలు పిల్లలను వరసగా నిలబెట్టి శ్రమదానం పేరుతో ఈ మొక్కలు పీకించిన ఫోటోలు చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

మేం నడిచేవాళ్లం పన్నెండు మందిమి ఉన్నాం. గ్లవ్స్ మేమే కొనుక్కున్నాం. మడులు గుర్తుపట్టడం, మ్యాప్ గీయడం, ప్రతి రెండు వారాలకు తిరిగి చూసి మీకు చెప్పడం మా పని అనుకోండి, అందుకు అనుమతి ఇవ్వమని అడుగుతున్నాం. కానీ కూలి ఇచ్చి చేయించాల్సిన పనిని మేం ఉచితంగా చేసి ఆ కూలివాళ్ల పొట్ట కొట్టం, మీరూ ఆ వంకతో మనుషులను తగ్గించొద్దు.

పోయిన పది రోజులు వాన పడింది. ఊయల చుట్టూ మొలకలు ఇప్పుడు అరచేతి వెడల్పు ఉన్నాయి, ఇంకా కాడ లేవలేదు, నేల మెత్తగా ఉంది, రెండు వేళ్లతో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. ఇంకో మూడు వారాలు దాటితే పూత మొదలవుతుంది. ఈలోపు ఎవరినైనా పంపండి, లేదా మీరే ఒక పొద్దున రండి. నేను ఆరు గంటలకు వస్తాను, ఎక్కడెక్కడ ఉన్నాయో దగ్గరుండి చూపిస్తాను. వచ్చేవాళ్లకు గ్లవ్స్ ఇచ్చి పంపండి.

ఇట్లు,
రోజూ ఆ పార్కులో నడిచే ఒక మనిషి